గేమింగ్ స్పీడ్ ప్యాకేజీ ఆపేశాం, తీసుకున్న డబ్బు తిరిగి ఇస్తున్నాం

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఉన్న మన ల్యాప్‌టాప్ మరమ్మతు షాపుకు వచ్చే అందరికీ నమస్కారం.

నిన్నటి నుంచి మన షాపులో ‘గేమింగ్ స్పీడ్ ప్యాకేజీ’ లేదు. గోడ మీది బోర్డు కూడా తీసేశాను. 499 రూపాయలు తీసుకుని మేము చేసిన ఆ పని వల్ల చాలామందికి ఆట వేగం పెరగలేదు. డబ్బు తీసుకున్నవాణ్ణి నేను. ఎందుకు పెరగలేదో చెప్పవలసినవాణ్ణి కూడా నేనే.

ఆ ప్యాకేజీలో మేము చేసింది ఇది: పనికిరాని తాత్కాలిక ఫైళ్లు తుడిచేవాళ్లం, కంప్యూటర్ తెరవగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములు ఆపేవాళ్లం, డ్రైవర్లు (కంప్యూటర్‌లోని ఒక్కో భాగాన్ని నడిపే ప్రోగ్రాములు) కొత్తవి వేసేవాళ్లం, చివరగా ఆట వేగం పెంచుతానని చెప్పే గేమ్ బూస్టర్ అనే ప్రోగ్రాము పెట్టి ఇచ్చేవాళ్లం. మొదటి మూడూ చేయదగ్గ పనులే. వాటివల్ల ల్యాప్‌టాప్ త్వరగా తెరుచుకుంటుంది. బూస్టర్ మాత్రం వెనకాల నడిచే నాలుగు ప్రోగ్రాములను మూసి, తెర మీద ఒక పచ్చగీత చూపిస్తుంది. వేడెక్కిన చిప్‌ను అది చల్లబరచలేదు, సరిపోని మెమరీని పెంచలేదు. షాపులో ఐదు నిమిషాలు ఆడి చూస్తే ఆట బాగానే నడిచేది. అందుకని మీరూ నమ్మారు, నేనూ నమ్మాను.

ఏప్రిల్ ఆఖరులో బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. తండ్రి వరి రైతు. మూడు నెలల క్రితం మా దగ్గర ప్యాకేజీ చేయించుకున్న ల్యాప్‌టాప్ అది. “అన్నా, మొదట బాగానే ఉంటుంది, పది నిమిషాలకు మళ్లీ ఆగి ఆగి నడుస్తుంది” అన్నాడు అబ్బాయి. తండ్రి ఏమీ అనలేదు, పాత రసీదు మడత విప్పి బల్ల మీద పెట్టారు. ఆ రసీదు మీద నా సంతకం ఉంది.

ఈసారి ఐదు నిమిషాలు కాదు, అరగంట కూర్చున్నాను. ఐ5 ఎనిమిదో తరం ప్రాసెసర్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, 8 జీబీ మెమరీ (ర్యామ్) ఒకే స్టిక్కుగా ఉంది. జీటీఏ 5 ఆట తెరిచి, ఉష్ణోగ్రతనూ ప్రాసెసర్ వేగాన్నీ చూపే మీటరు పక్కన పెట్టాం. మొదట సెకనుకు 19 ఫ్రేములు, అంటే తెర మీద సెకనుకు మారే బొమ్మలు 19. ఎనిమిదో నిమిషానికి ఉష్ణోగ్రత 97 డిగ్రీలు దాటింది. 3.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లగల ప్రాసెసర్ 1.1కు పడిపోయింది. ఫ్రేములు 9. దాదాపు 100 డిగ్రీల దగ్గర ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అది చెడిపోవడం కాదు, దాని జాగ్రత్త. ఇన్నాళ్లూ నేను చూడని విషయం అదే.

వెనక మూత విప్పాను. ఫ్యాను రెక్కలు పైకి శుభ్రంగానే ఉన్నాయి. ఫ్యానును కూడా విప్పి పక్కన పెడితే, గాలి బయటికి పోయే రాగి పలకల ముందు బూడిద రంగులో దుమ్ము అట్టలా పేరుకుని ఉంది. పట్టకారుతో లాగితే విరగకుండా కంబళి ముక్కలా మొత్తం ఒకేసారి ఊడి వచ్చింది. ఆ ముక్కను తండ్రి అరచేతిలో పెట్టుకుని చూశారు. “ఇది అప్పుడే ఉందా?” అని అడిగారు. ఉంది. మూడు నెలల్లో పేరుకునేది కాదది. అప్పుడు మేము మూత విప్పనే లేదు. ప్రాసెసర్ వేడిని రాగికి చేరవేయడానికి దాని మీద పూసే పేస్టు ఎండిపోయి, గోరు తగిలితే పొడిగా రాలింది.

మన ఊళ్లో ఈ సంగతి మరింత ముఖ్యం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. గది 28 డిగ్రీలు ఉన్నప్పుడు 85 దగ్గర నిలబడే చిప్, అదే గది 38కి చేరితే ఇంచుమించు 95కు వెళుతుంది. దుమ్ము పట్టిన ల్యాప్‌టాప్ జనవరిలో ఎలాగో లాక్కొస్తుంది, మేలో చతికిలపడుతుంది. మైపాడు, ముత్తుకూరు వైపు నుంచి వచ్చే వాటిలో ఉప్పుగాలికి మరలు తుప్పుపట్టి ఉండడం కూడా చూస్తుంటాం. ఇంకొక మాట: పరుపు మీద, ఒడిలో దిండు మీద పెట్టుకుని ఆడకండి. చాలా ల్యాప్‌టాప్‌లు గాలిని కింది నుంచే పీల్చుకుంటాయి. వెనక అంచు కింద రెండు పుస్తకాలు పెట్టినా తేడా తెలుస్తుంది.

శుభ్రం చేసి కొత్త పేస్టు పెట్టాక 20 ఫ్రేములు వచ్చాయి. మొదటికంటే ఒక్కటే ఎక్కువ, కానీ గంట దాటినా పడిపోలేదు. ఉష్ణోగ్రత 78 దగ్గర ఆగింది. అంటే వేడి సమస్య తీరింది, శక్తి సమస్య మిగిలింది.

ఆ తర్వాత చేసిన పనికి ఒక్క పైసా ఖర్చు లేదు. ఆట 1920×1080లో నడుస్తోంది. అంటే ప్రతి ఫ్రేముకూ 20 లక్షల 73 వేల 600 చుక్కలు గీయాలి. దాన్ని 1280×720కి దించితే గీయవలసినవి 9 లక్షల 21 వేల 600, సగానికన్నా తక్కువ. నీడలు, గడ్డి, ప్రతిబింబాలు తక్కువలో పెట్టాం. ఫ్రేములు 33కి చేరాయి. బొమ్మ కాస్త మసకబారుతుంది, నిజమే. అబ్బాయి మాత్రం తెర చూసి ఏమీ మాట్లాడకుండా కుర్చీ ముందుకు లాక్కున్నాడు. తర్వాత 30 దగ్గర హద్దు పెట్టాను. ఒకసారి 38, ఒకసారి 24 అయ్యే ఆటకన్నా ఎప్పుడూ 30 ఉండే ఆట కంటికి హాయిగా ఉంటుంది, వేడీ తగ్గుతుంది.

ఇక మెమరీ సంగతి. విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో బొమ్మలు గీసే భాగానికి సొంత మెమరీ ఉండదు. ప్రాసెసర్ వాడుకునే మెమరీనే అదీ పంచుకుంటుంది. ఒకే తూము నుంచి రెండు మడులకు నీళ్లు పెట్టినట్టు. ఒకే స్టిక్కు ఉంటే ఇందులోని డీడీఆర్4 2400 రకం మెమరీ సెకనుకు 19.2 గిగాబైట్లు మాత్రమే అందించగలదు. అలాంటిదే రెండోది పెడితే 38.4. చెరువు పెద్దది కావడం ఒక్కటే కాదు, రెండో తూము తెరవడం అది. 30 హద్దు తీసి, మా దగ్గరున్న స్టిక్కు పెట్టి చూపిస్తే 42 ఫ్రేములు వచ్చాయి. ధర ఎంతని తండ్రి అడిగారు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లకు చిప్‌లు తరలిపోతున్నాయి. ఉన్నమాట చెప్పి, 30 ఫ్రేములతో ఆట నడుస్తున్నప్పుడు ఇప్పుడే కొనవద్దన్నాను. స్టిక్కు తీసేసి ఇచ్చాను.

ఆ రోజు నుంచి పాత రసీదులున్న పదకొండు ల్యాప్‌టాప్‌లను పిలిపించి చూశాను. ఏడింటిలో ఇదే దుమ్ము, ఇదే ఎండిన పేస్టు. రెండింటిలో చార్జరు తేడా. బజారులో కొన్న చార్జరును గుర్తించకపోతే కొన్ని ల్యాప్‌టాప్‌లు ప్రాసెసర్‌ను 1 గిగాహెర్ట్జ్ లోపే కట్టిపడేస్తాయి, అప్పుడు ఏ సెట్టింగు మార్చినా ఫలితం ఉండదు. ఒకదానిలో ఉచితంగా దొరికిన పైరసీ ఆటతోపాటు వచ్చిన ప్రోగ్రాము, ఎవరికోసమో క్రిప్టో నాణేలు తవ్వుతూ ప్రాసెసర్‌లో సగం తినేస్తోంది. ఆ ఆటను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చింది మా షాపే. ఇకపై మా దగ్గర ఎవరికీ అలాంటి ఆటలు ఎక్కించి ఇవ్వం. దయచేసి అడగవద్దు.

పదకొండోదానిలో సెలెరాన్ అనే చవక రకం ప్రాసెసర్, 4 జీబీ మెమరీ బోర్డుకే అతికించి ఉంది, పెంచడానికి జాగా లేదు. ఒక తల్లి పిల్లవాడి పుట్టినరోజుకు కొన్న యంత్రమది. కొత్త ఆటలు దీని మీద నడవవని ఆమెకు చెప్పడం కష్టంగానే అనిపించింది. డబ్బు తీసుకున్న రోజున చెప్పవలసిన మాట అది. దాని మీద 2005లో కంప్యూటర్‌కు వచ్చిన జీటీఏ శాన్ ఆండ్రియాస్ లాంటి పాత ఆటలు చక్కగా నడుస్తాయి. సీఎస్ 2 (కౌంటర్ స్ట్రైక్ 2) ఆట మాత్రం కనీసమే 8 జీబీ మెమరీ అడుగుతుంది.

వాలరంట్ ఆడేవాళ్లకు ఒక హెచ్చరిక. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కదా అని పాత ల్యాప్‌టాప్‌లలో బలవంతంగా విండోస్ 11 వేయించుకుంటున్నారు. విండోస్ 11 మీద ఆ ఆట టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగు రెండూ అడుగుతుంది. అవి లేకపోతే ఆట తెరుచుకోదు. వేయించుకునే ముందు ఒకసారి చూపించండి.

ఇకపై పద్ధతి ఇదీ. ల్యాప్‌టాప్ తేగానే మీ ఎదుటే, మీరు ఆడే ఆటే అరగంట నడిపి ఫ్రేములు, ఉష్ణోగ్రత కాగితం మీద రాస్తాం. దీనికి డబ్బు లేదు. విప్పి శుభ్రం చేసి పేస్టు మార్చడానికి 700 రూపాయలు, పని అయ్యాక మళ్లీ అరగంట నడిపి పక్క గడిలో రాస్తాం. రెండు గడుల మధ్య తేడా లేకపోతే పేస్టు ఖర్చు కూడా తీసుకోం. బాగుపడనిదైతే మూత విప్పకముందే చెప్తాం. ఈ లెక్కన రోజుకు ఐదారు ల్యాప్‌టాప్‌లకు మించి చూడలేం, కాబట్టి ఫోను చేసి రండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన అసలు చార్జరు తప్పకుండా తెచ్చుకోండి.

ప్యాకేజీ తీసుకున్నవాళ్లు మా పుస్తకంలో 63 మంది ఉన్నారు. ఆదివారం నుంచి వరుసగా నేనే ఫోను చేస్తాను. 499 వెనక్కి తీసుకుంటారా, శుభ్రం చేయించుకుంటారా అన్నది మీ ఇష్టం. శుభ్రం చేయించుకుంటే మిగతా 201 అడగను. రసీదు పోయినా ఫరవాలేదు, పుస్తకంలో మీ పేరు ఉంది.