గాజువాక ఆటోనగర్ షెడ్ల పైకప్పు పనికి ఫాల్ ప్రొటెక్షన్ ఎంచుకోవడంలో సాయపడిన వారందరికీ కృతజ్ఞతలు

ఆటోనగర్‌లో పాత షెడ్లకు రేకులు మార్చడం, గట్టర్లు బాగుచేయడం, పైకప్పుకు రంగు వేయడం. ఈ పనుల్లో మనుషులు పడిపోకుండా ఏ ఏర్పాటు పెట్టాలో చెప్పమని అడిగితే విశాఖలో ఇంతమంది ముందుకొచ్చారు. షిప్‌యార్డులో రిగ్గింగ్ (బరువులు కట్టి ఎత్తే పని) చేసి రిటైరైన పెద్దాయన, రసాయనాల ఫ్యాక్టరీలున్న పరవాడ వైపు ఒక కంపెనీలో సేఫ్టీ చూసే మేడం గారు, యాంకర్ల (తాడు కట్టే గట్టి చోట్ల) లెక్కలు చూసిపెట్టిన స్ట్రక్చరల్ ఇంజినీరు గారు, ఎమర్జెన్సీ వార్డు డాక్టరమ్మ గారు, ఒడియాలో కూర్చోబెట్టి మా కుర్రాళ్లకు చెప్పిన ఖలాసీ అన్న. పేర్లు రాయవద్దన్నారు, రాయడం లేదు. మీరు చెప్పిన విషయం మాత్రం మా దగ్గరే ఆగిపోకూడదని ఇక్కడ పెడుతున్నాం. ఇదే పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా వాడుకోండి.

మేం అడిగింది ఏ బెల్టు కొనాలని. మీరంతా తిరిగి అడిగింది ఒక్కటే: కింద ఎంత ఖాళీ ఉంది, పైన దేనికి కడతారు? ఈ రెండూ కొలవకుండా బెల్టు ఎంచుకోవడం కుదరదని మేడం గారు మొదటి మాటగా చెప్పారు. అంతకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది: అసలు మనిషి పైకి ఎక్కాలా? గట్టరు పని బూమ్ లిఫ్ట్ బుట్టలో నిలబడి చేయొచ్చు. పాత రేకులు కింద నుంచే సిజర్ లిఫ్ట్ మీద నిలబడి విప్పొచ్చు. ఎక్కక తప్పదంటే అంచు పొడవునా రెయిలింగ్ ఉన్న పరంజా పెట్టాలి. పై రాడ్డు 1 మీటరు నుంచి 1.1 మీటర్ల ఎత్తులో, మధ్యలో ఇంకో రాడ్డు, కింద 150 మిల్లీమీటర్ల టో బోర్డు (సామాను జారిపడకుండా అడ్డుపలక). రెయిలింగుకు ఎవరూ హుక్కు తగిలించనక్కర్లేదు. హుక్కు మర్చిపోయినవాడిని కూడా అది కాపాడుతుంది. అందుకే దాన్ని మొదట పెట్టి బెల్టును చివర పెట్టమన్నారు.

ఈ రెండింటి మధ్యలో రిస్ట్రైంట్ అనే పద్ధతి ఉంది. పడ్డవాడిని ఆపడం దీని పని కాదు, అంచుదాకా పోనివ్వకపోవడమే పని. యాంకర్ నుంచి అంచు 4 మీటర్ల దూరంలో ఉంటే, మనిషి ఒళ్లు చాచినా అంచు దాటకుండా తాడు పొడవు తగ్గించి బిగించాలి. ముందు అంచుకు సరిపోయిన తాడు పక్క అంచుకు పొడవైపోతుంది కాబట్టి మూలల దగ్గర మళ్లీ కొలవాలి. అయితే ఇది గట్టి కప్పు మీదే పనిచేస్తుంది. సిమెంటు రేకుల మీద మనిషి అంచు నుంచే పడడు, ఎక్కడ అడుగు వేస్తే అక్కడ నుంచి పడతాడు.

సిమెంటు రేకుల గురించి పెద్దాయన చాలాసేపు చెప్పారు, ఆ ఓపికకు దండం. బోల్టుల వరస మీద నడిస్తే ఏమీ కాదని సైట్లలో అందరూ అంటారు. కింద పర్లిన్ (రేకులను మోసే అడ్డకమ్మీ) ఉంటుందని ఆ నమ్మకం. అడుగు నాలుగంగుళాలు పక్కకు పడితే అక్కడ ఉన్నది రేకు ఒక్కటే. వెలుతురు కోసం వేసిన ప్లాస్టిక్ రేకులు ఇంకా ప్రమాదం, ఎందుకంటే దుమ్ము, రంగు పట్టాక పక్క రేకుతో కలిసిపోయి కనిపించవు. 2014లో హుద్‌హుద్ తుఫాను ఎగరగొట్టాక మళ్లీ కప్పిన షెడ్లలో పాత రేకూ కొత్త రేకూ పక్కపక్కనే ఉండొచ్చు. జీఐ రేకైతే ఉప్పుగాలికి ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట లోపలి నుంచి తుప్పు తింటుంది, పైకి బాగానే కనిపిస్తుంది. పట్టపగలు షెడ్డులో లైట్లు ఆపి పైకి చూస్తే సూదిమొనంత వెలుతురు చుక్కలు కనబడతాయి. అవి కనబడ్డ చోట, లైట్ రేకులున్న చోట సుద్దతో నేల మీద గుర్తు పెట్టి, ఆ గుర్తులను కాగితం మీద పటంగా వేసి పైకి ఎక్కేవాళ్ల చేతికివ్వాలి. నడవడానికి కనీసం 600 మిల్లీమీటర్ల వెడల్పు బల్లలు వాడాలి, అవి కనీసం రెండు పర్లిన్ల మీద ఆనాలి. ఒక బల్ల మీద నిలబడి ఇంకోటి జరపాలి కాబట్టి మనిషికి రెండు బల్లలు తప్పనిసరి. కింద వల కడితే రేకుకు వీలైనంత దగ్గరగా కట్టాలి. మనిషి పడ్డప్పుడు వల కిందికి సాగుతుంది, కాబట్టి దాని కింద లేత్ మిషనో క్రేన్ గాంట్రీయో తగలకూడదు.

ఇక కింద ఖాళీ లెక్క. షాక్ అబ్జార్బర్ (పడ్డప్పుడు చిరిగి సాగుతూ దెబ్బ తగ్గించే పట్టీ) ఉన్న 2 మీటర్ల లాన్యార్డ్ (బెల్టును యాంకర్‌కు కలిపే తాడు) తీసుకుంటే, తాడు పొడవు 2 మీటర్లు, అబ్జార్బర్ చిరిగి సాగేది 1.75 మీటర్ల దాకా, వీపు మీది డి-రింగు (తాడు తగిలించే ఇనుప రింగు) నుంచి అరికాలు వరకు 1.5 మీటర్లు, ఆపైన మార్జిన్ 1 మీటరు. మొత్తం 6.25 మీటర్లు, యాంకర్ నుంచి కిందికి. యాంకర్ కాళ్ల దగ్గరే ఉంటే కాళ్ల కింద 6.25 మీటర్లు ఖాళీ కావాలి. తలకు పైన, కాళ్లకు 2 మీటర్ల ఎత్తులో ఉంటే 4.25 సరిపోతుంది. కాళ్ల దగ్గర కడితే దూరంతో పాటు దెబ్బ కూడా పెరుగుతుంది, మనిషి 3.5 మీటర్లు పడ్డాకే తాడు బిగుస్తుంది. ఆటోనగర్ షెడ్డు అంచు ఎత్తు 5 మీటర్లు ఉండి, కింద మీటరున్నర ఎత్తు మిషన్ ఉంటే మిగిలేది 3.5 మీటర్లే. అక్కడ మామూలు లాన్యార్డ్ కట్టుకున్నా మనిషి మిషన్‌కు తగిలే ప్రమాదం ఉంది. తలకు పైన యాంకర్ దొరికితే అలాంటి చోట రిట్రాక్టబుల్ బ్లాక్ (కారు సీటు బెల్టులా తీగను చుట్టుకుంటూ, కుదుపుకు లాక్ పడే డబ్బా) వాడొచ్చు, అది సుమారు 2 మీటర్ల లోపే ఆపుతుంది. మార్జిన్ మీటరు కలిపి కాళ్ల కింద 3 మీటర్లు చూసుకోవాలి. కొన్న బ్లాకు లేబుల్ మీద ఇంకో అంకె ఉంటే ఆ అంకెనే పాటించాలి.

బ్లాకుకు ఉన్న హద్దులు కూడా మేడం గారు చెప్పారు. అడ్డంగా రేకు అంచు మీదుగా లాగి వాడడానికి అన్ని బ్లాకులూ పనికిరావు. అంచు మీద పరీక్షించినట్టు లేబుల్ మీద రాసి ఉన్నవే వాడాలి. తీగ పదునైన రేకు అంచుకు ఒరిస్తే పడ్డప్పుడు తెగిపోతుంది. ఇసుక, బొగ్గు, ధాన్యం కుప్పల మీద పనికి దాన్ని నమ్మకూడదు. కుప్ప మెల్లగా కుంగితే మనిషి మెల్లగా దిగిపోతాడు, లాక్ పడేంత వేగం రాదు. పోర్టులో హాపర్ల (సరుకు పోసే పెద్ద గరాటుల) దగ్గర పనిచేసేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అబ్జార్బర్ ఎందుకో ఇంజినీరు గారు లెక్కతోనే చూపించారు. 100 కిలోల మనిషి 2 మీటర్లు పడితే వేగం గంటకు 22 కిలోమీటర్లు దాటుతుంది. సాగని తాడు అతన్ని 10 సెంటీమీటర్లలో ఆపితే శరీరం మీద పడే బలం సుమారు 20 కిలోన్యూటన్లు, అంటే రెండు టన్నుల బరువు. అబ్జార్బర్ దాన్ని 6 కిలోన్యూటన్లు మించకుండా ఆపుతుంది. అబ్జార్బర్ 100 కిలోలకు తయారైందా, అంతకంటే ఎక్కువకా అన్నది లేబుల్ మీద ఉంటుంది. మనిషి బరువుకు డ్రిల్లు, బోల్టుల సంచి బరువు కూడా కలిపి చూడాలి.

యాంకర్ విషయంలో ఆయన పెట్టిన హద్దు ఒక మనిషికి 12 కిలోన్యూటన్లు. అమెరికా పద్ధతిలో అయితే 22 కిలోన్యూటన్ల పైమాటే. రెండు మిల్లీమీటర్ల జెడ్ పర్లిన్, కేబుల్ ట్రే, కాండ్యూట్, నీళ్ల పైపు, చేతి రెయిలింగ్, ఇటుకల పిట్టగోడ, వీటిలో ఏదీ యాంకర్ కాదు. రాఫ్టర్, కాలమ్, గట్టి ట్రస్‌లో గస్సెట్ (కమ్మీలను కలిపే ప్లేటు) దగ్గర జాయింటు చూసుకోవాలి, అదీ సుత్తితో తుప్పు రాల్చి లోపల మందం మిగిలిందో లేదో చూశాకే. స్లింగ్ చుట్టేటప్పుడు బీము అంచుకు ప్యాడ్ పెట్టాలి. యాంకర్ మనిషికి నిటారుగా పైన ఉండాలి. 30 డిగ్రీల కంటే పక్కకు పోతే పడ్డవాడు ఊగి కాలమ్‌కు కొట్టుకుంటాడు.

సైటులో రెండు స్తంభాల మధ్య వైరు రోప్ బిగించి లైఫ్‌లైన్ అనడం మన దగ్గర మామూలు. ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది. 10 మీటర్ల వైరు మధ్యలో మనిషి పడి, వైరు అర మీటరు కిందికి దిగితే, ఒక్కో కొస మీద పడే లాగుడు మనిషి పడ్డ బలానికి ఐదు రెట్లు. 6 కిలోన్యూటన్లు 30 అవుతుంది, అంటే మూడు టన్నులు. వైరు మీటరు దిగేలా వదులుగా కడితే ఆ లాగుడు 15 కిలోన్యూటన్లకు తగ్గుతుంది, కానీ ఆ దిగుడంతా కింద ఖాళీ లెక్కలో కలపాలి. కొసల్లో అబ్జార్బర్ ఉండి, స్పాన్ (స్తంభాల మధ్య దూరం) ఎంత, ఎంతమంది అని లేబుల్ మీద రాసి ఉన్న తయారీ లైఫ్‌లైనే కొనమన్నారు. వైరు కొసను మడిచి బిగించే క్లాంపుల సంగతి పెద్దాయన చెప్పారు: 8 మిల్లీమీటర్ల వైరుకు కనీసం మూడు. సాడిల్ (గాడి ఉన్న దిమ్మ) భాగం బరువు లాగే వైరు మీద, యూ భాగం కోసిన కొస మీద ఉండాలి. తిప్పి వేస్తే యూ బోల్టు లాగే వైరును నొక్కి పాడుచేస్తుంది. ఒకసారి బరువు పడ్డాక నట్లు మళ్లీ బిగించాలి.

బెల్టు దగ్గరికి ఇప్పుడొచ్చాం. నడుం బెల్టు ఫాల్ అరెస్టుకు (పడ్డవాడిని ఆపడానికి) వద్దే వద్దు, ఆ దెబ్బంతా పొట్ట, వెన్ను మీద పడుతుంది, మనిషి తలకిందులై జారిపోవచ్చు. ఐఎస్ 3521 (భారత ప్రమాణం) గుర్తున్న ఫుల్ బాడీ హార్నెస్ (భుజాలు, తొడలు పట్టే బెల్టు) కావాలి, విదేశీ సరుకైతే ఈఎన్ 361 (యూరప్ ప్రమాణం). డి-రింగు రెండు భుజం ఎముకల మధ్య ఉండాలి, తొడపట్టీలో అరచేయి దూరాలి గానీ పిడికిలి దూరకూడదు. రెండు హుక్కుల లాన్యార్డ్ తీసుకుంటే జరిగేటప్పుడు ఎప్పుడూ ఒక హుక్కు తగిలే ఉంటుంది. పరంజా పైపు 48.3 మిల్లీమీటర్లు, కాబట్టి హుక్కు నోరు అంతకంటే వెడల్పుగా తెరుచుకోవాలి. వాడని హుక్కును హార్నెస్ డి-రింగులో తగిలించకూడదు, అలా చేస్తే అబ్జార్బర్ సరిగా సాగదు. దాని కోసం ఛాతీ పట్టీ మీద ఊడిపోయే పార్కింగ్ లూపు ఉంటుంది.

పరవాడ వైపు పనిచేసేవాళ్లకు మేడం గారి మాట: యాసిడ్ ఉన్న చోట నైలాన్ పట్టీలు వద్దు, పాలియెస్టర్ తీసుకోండి. కాస్టిక్ ఉన్న చోట పాలియెస్టర్ దెబ్బతింటుంది. వెల్డింగ్ పనికి వేడిని తట్టుకునే అరామిడ్ పట్టీ లాన్యార్డ్. సముద్రం పక్కన వాడిన సామాను మంచినీళ్లతో, పల్చటి సబ్బుతో కడిగి నీడలో ఆరేయాలి. పట్టీల మీద రంగుతో, మార్కరుతో పేర్లు రాయకండి. ఎక్కే ముందు ప్రతిసారీ కుట్లు, కోతలు, నిప్పురవ్వల మచ్చలు, హుక్కు స్ప్రింగు చూడాలి. ఒకసారి పడ్డ మనిషిని ఆపిన సామాను మళ్లీ వాడకూడదు.

డాక్టరమ్మ గారు చెప్పింది మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, నిమిషాల్లో స్పృహ తప్పవచ్చు. 108కి ఫోను చేయాలి, కానీ వాళ్లు వచ్చేదాకా ఆగకుండా కిందికి దించవలసింది మనమే. రోప్, డిసెండర్ (తాడు మీద మెల్లగా దించే సాధనం), పుల్లీల కిట్టు, దాన్ని వాడడం వచ్చిన ఇద్దరు మనుషులు పని మొదలయ్యే ముందే సైటులో ఉండాలి. హార్నెస్‌కు కాళ్లు ఆనించే రిలీఫ్ పట్టీ ఉంటే స్పృహలో ఉన్నవాడు దాని మీద నిలబడగలడు. దించాక కూర్చోబెట్టే ఉంచాలనే పాత మాటకు ఆధారం లేదని, వెల్లకిలా పడుకోబెట్టి ఊపిరి చూడమని, మెడ కదపవద్దని, బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పారు.

ఖలాసీ అన్నా, ఇదంతా ఒడియాలో, హిందీలో చెప్పి, ఒక్కొక్కరి చేత హార్నెస్ వేయించి, నేలకు అడుగు ఎత్తులో వేలాడదీసి చూపించారు. సైజు తప్పిన తొడపట్టీ ఎక్కడ కోస్తుందో ఎవరికి వాళ్లకే తెలిసింది.

ఒక్కరికి మాత్రం మళ్లీ విడిగా చెప్పుకోవాలి. ముందు వరండా రేకుల ఎత్తు 3.8 మీటర్లే, పైన కట్టడానికి ఏమీ లేదు. అక్కడికి ఏ హార్నెస్ తేవాలని అడిగితే, ఇంజినీరు గారు కొలతలు చూసి, దేన్నీ తేవద్దు, రెయిలింగ్ ఉన్న టవర్ పరంజా పెట్టండి, చక్రాలు లాక్ చేసి అవుట్‌రిగ్గర్లు (పక్కలకు చాపే ఊతకాళ్లు) దించండి, మనిషి పైన ఉండగా జరపకండి అన్నారు. బిల్లు రాయకుండా ఇచ్చిన సలహా అది. సార్, మీకు మా నమస్కారాలు. వరండా పని ఆ టవర్ మీదే నడుస్తోంది.