లారీ ఎందుకు రాలేదో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ధాన్యం కొనుగోలు కేంద్రాలకు లారీలు రావడం లేదని, లారీల యజమానులు మొండికేశారని పోయిన వారం మీ జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వేశారు. ఆ రోజు నేను ఊళ్లో లేను. పత్తి బేళ్ల లోడుతో కోయంబత్తూరు పోయి, తిరుగు లోడు దొరక్క అక్కడే రెండు రోజులు పడి ఉన్నాను. ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ ఆ పేపరు మడిచి దేవుడి పటాల వెనక దాచింది. "మిమ్ములనే అన్నరు, చదువుండ్రి" అని చేతికిచ్చింది. అప్పటి నుంచి కడుపు మండుతూనే ఉంది. ఆలస్యంగానైనా అందుకే ఈ ఉత్తరం.

కాంటా అయిన బస్తాల మీద తల పట్టుకుని కూర్చున్న రైతు ఫోటో వేశారు. ఆ రైతు బాధ మాకు తెలియదనా? మాకూ రెండెకరాల పొలం ఉంది, మబ్బు పడితే మా గుండె కూడా జారుతుంది. కానీ లారీ ఎందుకు రాలేదని మీ విలేకరి ఒక్క లారీ ఓనరునైనా అడిగాడా? వరంగల్ ఎనుమాముల మార్కెట్ బయటికి వచ్చినా, ఆటోనగర్ వైపు పోయినా మాలాంటి వాళ్లు పది మంది దొరుకుతారు. అడిగి ఉంటే చెప్పేవాళ్లం. పోయిన వానాకాలం ధాన్యం తోలిన కిరాయిలో సగం ఇంకా రవాణా కాంట్రాక్టరు దగ్గరే ఉంది. ఈ యాసంగికి మళ్లీ డీజిల్ పోసుకుని రమ్మంటే ఎట్లా వస్తాం?

ఇది ధాన్యంతో ఆగే సంగతి కాదు. మిర్చికి, పత్తికి, సిమెంటుకు, బొగ్గుకు, గ్రానైటుకు అన్నిటికీ ఇదే తంతు. లెక్క చెబుతాను, వినండి. కోయంబత్తూరు కిరాయి 58 వేలకు మాట్లాడారు. అడ్వాన్సు 40 వేలు. అందులోంచి లోడు ఇప్పించే బ్రోకర్ కమీషన్ రెండు వేలు, లోడింగ్ మామూళ్లు పదిహేను వందలు అక్కడే పట్టుకున్నారు. చేతికి వచ్చింది 36,500. లోడుతో నా బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. అంత దూరానికి డీజిల్‌కే 27 వేల పైన అయింది. టోల్ గేట్లకు ఏడు వేలు. డ్రైవరు బేటా, దారి ఖర్చులు మూడు వేలు. అంటే సరుకు దిగేలోపే అడ్వాన్సు అయిపోయి, ఇంకో వెయ్యి నా జేబులోంచి పోయింది. మిగిలిన 18 వేల బ్యాలెన్సే నా సంపాదన. ఫైనాన్స్ కిస్తీ, ఇన్సూరెన్సు, టైర్లు, పిల్లల ఫీజులు అన్నీ దాంట్లోంచే రావాలి. సరిగ్గా దాన్నే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు వాళ్లు ఆపుతారు.

ఆపడానికి కారణాలకు కొదవ లేదు. మొదట రసీదు. సరుకు ముట్టినట్టు స్టాంపు వేసిన రసీదు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే "నడవది అన్నా, ఒరిజినల్ గావాలె" అంటారు. ఒరిజినల్ కొరియర్ చేస్తే అందలేదంటారు. చేతికే తీసుకుపోయి ఇస్తే స్టాంపు సరిగ్గా పడలేదంటారు. ఆ తర్వాత "పార్టీ నుంచి పైసలు రాలె", "సేటు పెండ్లికి పోయిండు", "సోమవారం కలువు". ఏ సోమవారమో మాత్రం చెప్పరు. ఈ మధ్య ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మూడు సోమవారాలు బెంచీ మీద కూర్చున్నాను. నాలుగోసారి పోయేసరికి ఫ్యాను కింద కుర్చీ వేశారు. అంత మర్యాద మాత్రం దక్కింది.

చివరికి ఇచ్చేటప్పుడు ఇంకో కోత. రెండు బేళ్లు తడిశాయని ఇంత, సరుకు తగ్గిందని షార్టేజీ కింద ఇంత, ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, అదే టీడీఎస్, అని ఇంత. ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం పదికి మించి లారీలు లేనివాడు పాన్ నంబరుతో డిక్లరేషన్ రాసిస్తే టీడీఎస్ కోయకూడదు. నాకున్నవి రెండే లారీలు. కాగితం రాసిచ్చాను. అయినా కోశారు. పోనీ కోసిన డబ్బు నా పాన్ మీద కట్టారా అని మా ఆడిటరు చూస్తే అక్కడ ఏమీ లేదు. అది ఎవరి ఖజానాకు పోయిందో ఆ ఆఫీసు వాళ్లకే తెలియాలి. తొందరగా కావాలంటే ఇంకో దారి చెబుతారు: నూటికి మూడు రూపాయలు వదులుకుంటే ఈ రోజే ఇస్తారట. నా డబ్బు నాకు ఇవ్వడానికి నా దగ్గరే కమీషన్!

నాకు ఏ నెల చూసినా ఒక్కో లారీ మీద లక్షన్నరకు తక్కువ కాకుండా బయటే ఉంటుంది. దానికి వాళ్లు పైసా వడ్డీ ఇవ్వరు. ఐదో తారీఖున కిస్తీ కట్టడానికి నేను మాత్రం మూడు రూపాయల వడ్డీకి తెస్తాను. ఒక్క కిస్తీ తప్పితే చెక్కు బౌన్సు ఛార్జీలు, రెండు తప్పితే రోడ్డు మీద బండి ఆపి తాళం అడిగే మనుషులు. పెట్రోల్ బంకు వాడు "పార్టీ నుంచి రాలె" అంటే వింటాడా? డీజిల్ లీటరు 95 దాటి చాలా కాలమైంది, అదీ నగదుకే.

బ్రోకర్లందరూ దొంగలని అనను. వాళ్లలోనూ చిన్నవాళ్లు ఉన్నారు, సరుకు పంపిన మిల్లు నుంచి రెండు నెలలకు గానీ డబ్బు రాక అప్పు చేసి మాకు అడ్వాన్సు ఇచ్చేవాళ్లు ఉన్నారు. మిల్లు వాళ్లను అడిగితే తమకూ పైనుంచి రాలేదంటారు. ఆ 'పైన' ఎక్కడుందో ఇరవై ఏళ్ల నుంచి వెతుకుతున్నాను.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకు రావలసిన డబ్బు 45 రోజులు దాటకుండా ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ సంగతి తెలిసి ఎంతో సంబరపడ్డాను. చిన్న సంస్థగా గుర్తింపు ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితమే అయినా నెట్ సెంటరులో మూడు వందలు ఇచ్చి చేయించాను. ఆ సర్టిఫికెట్ పట్టుకుని పోతే బ్రోకర్ నవ్వి, "కేసు ఏస్కో అన్నా, రేపు లోడు ఎవలిస్తరో చూద్దాం" అన్నాడు. పైగా మిల్లు బిల్లు ఇచ్చేది ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు పేరు మీద. రసీదులో నాది అంటూ ఉండేది బండి నంబరు ఒక్కటే. ఇంత కిరాయి, ఇన్ని రోజుల్లో ఇస్తామని ఒక్క ముక్క రాసివ్వరు. అంతా నోటి మాటే. 2007లో తెచ్చిన రోడ్డు రవాణా చట్టం సరుకు పోతే బాధ్యత ఎవరిదో వివరంగా చెప్పింది. కిరాయి గురించి మాకు అక్కరకు వచ్చే ముక్క అందులో కనపడలేదు.

ఒక ఆఫీసులో అర్జీ ఇస్తే "ఇది మా పరిధిలోకి రాదు" అన్నారు. వాళ్లు పంపిన రెండో ఆఫీసులోనూ అదే మాట. మరి మా దగ్గర వసూలు చేసేటప్పుడు ఈ పరిధులన్నీ ఏమవుతాయో! బండి ఆగకుండానే ఫాస్టాగ్‌లో టోలు సెకనులో కట్ అవుతుంది. చలానా ఫోటోతో సహా ఫోన్‌కు వస్తుంది. బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు ఒక్క రోజు దాటినా జరిమానా. సరుకు వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ పత్రం, ఈ-వే బిల్లు, గడువు దాటితే బండి పక్కన పెట్టించి సేటుకు ఫోన్ చేయమంటారు. మా నుంచి గుంజడానికి ఇంత కంప్యూటరు పనిచేస్తున్నప్పుడు, సరుకు దిగిన రోజు నుంచి మా కిరాయికి ఒక గడువు పెట్టడానికి ఎందుకు పనిచేయదు? ఈ-వే బిల్లులో బండి నంబరు ఉంటుంది కదా. దాని పక్కనే కిరాయి ఎంత, బ్యాలెన్సు ఎంత అని ఇంకో రెండు గడులు పెడితే సరిపోదా? ధాన్యం విషయంలో అయితే ఇంకా సులువు. లారీకి కట్టాకే కాంట్రాక్టరు తర్వాతి బిల్లు పాస్ చేస్తామని ఒక్క షరతు పెడితే చాలు. ఏ అధికారీ పెట్టడు. మాకన్నా కాంట్రాక్టర్లు వాళ్లకు బాగా తెలిసినవాళ్లు.

మా నాన్న లారీ నడిపిన రోజుల్లో బ్యాలెన్సు కవరులో పెట్టి, మీద బండి నంబరు రాసి, మున్షీ పిలిచి ఇచ్చేవాడు. అప్పుడు ఫోన్లు కూడా సరిగ్గా లేవు. ఇప్పుడు క్షణంలో డబ్బు పంపే ఫోన్లు అందరి చేతుల్లో ఉన్నాయి, ఎత్తేవాళ్లే లేరు.

మీ విలేకరి మీద నాకు కోపం లేదు, ఆయనకు ఎవరో చెప్పింది ఆయన రాశాడు. వచ్చే సోమవారం నేను మళ్లీ ఆ బెంచీ మీద కూర్చోవడానికి పోతున్నాను. ఆయన్ను నాతో పంపండి. మధ్యాహ్నం దాకా కూర్చుంటే నేను రాసిన దానికన్నా ఎక్కువే వింటాడు. టీ డబ్బులు నావే. అవి మాత్రం బ్యాలెన్సు పెట్టను.

ఇట్లు,
ఒక లారీ యజమాని,
ఎనుమాముల, వరంగల్.