హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో మన ఏడాది: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో ఎన్ని మొక్కలు నాటాం, ఎన్ని బెంచీలకు రంగు వేయించాం అని రాసి ఊరుకునేవాళ్లం. ఈసారి కాస్త ఎక్కువే రాస్తున్నాను. ఎందుకంటే పొద్దున్నే నడకకు వచ్చే మన మధ్య ఏడాదంతా నలిగిన మాట ఒక్కటే: గార్డెన్‌లో అసలు సభలూ ఉత్సవాలూ పెట్టనివ్వాలా, వద్దా?

ఈ గొడవ ఎక్కడ మొదలైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వానాకాలంలో ఒక పెద్ద కార్యక్రమం జరిగింది. ఎవరు పెట్టారన్నది ఇక్కడ అనవసరం. మర్నాడు పొద్దున ఆరింటికి మేం వెళ్లేసరికి నడక దారి పక్కన షామియానా గుంజలు పాతిన గుంతలు అలాగే ఉన్నాయి, వాటిల్లో వాన నీళ్లు నిండి ఉన్నాయి. పచ్చికంతా కాగితం ప్లేట్లు, నలిగిన బంతిపూలు. ఒక పెద్ద చెట్టు మొదలుకి లైట్ల వైరు బిగించి చుట్టి, ఊడదీయకుండా వదిలేశారు. బెరడు లోపలికి ఒత్తుకుపోయింది. మనలో డెబ్బై దాటిన ఒక అమ్మగారు తెల్లవారకముందు చీకట్లో గుంత చూసుకోక కాలు మడతపడి పడిపోయారు, మూడు వారాలు నడకకు రాలేకపోయారు. ఆ రోజు నేనూ కోపంలో "ఇకమీదట ఇక్కడ ఏ కార్యక్రమమూ జరగనివ్వకూడదు" అనే అన్నాను. చాలామంది సరేనన్నారు.

తర్వాత చలికాలంలో నాలుగు ఆదివారాలు గార్డెన్ చరిత్ర నడక పెట్టుకున్నాం. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, నా మాట మార్చింది కూడా ఇదే. పాతవాళ్లు దీన్ని బాగ్-ఎ-ఆమ్ అంటారు, అంటే అందరి తోట. ఇప్పుడు మనం అసెంబ్లీ అని చూపించే పాత తెల్ల భవనం మొదట్లో టౌన్ హాలు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు సందర్భంగా 1905లో తలపెట్టి, జనం చందాలు వేసుకుని కట్టిన హాలు అది. 1913కి పూర్తయింది. అంటే మనవాళ్లు సొంత డబ్బు పెట్టి, పదిమంది చేరడానికి ఒక చోటు కావాలని తోటలోనే కట్టుకున్నారన్నమాట. తోటలోనే ఉన్న జూబ్లీ హాలుకి ఆ పేరు ఎలా వచ్చిందో పిల్లల్ని అడిగితే ఒక్కరు కూడా చెప్పలేకపోయారు. 1937లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన సిల్వర్ జూబ్లీ అక్కడ జరిగింది, అందుకే ఆ పేరు.

ఆ మరుసటి ఏడాది సంగతైతే ఇంకా బావుంటుంది. మనందరం జనవరిలో పిల్లాపాపలతో పోయి మిర్చి బజ్జీలు తిని, దుప్పట్లు బేరమాడి తెచ్చుకునే నుమాయిష్, అంటే ఏటా జరిగే ఎగ్జిబిషన్, పుట్టింది ఈ తోటలోనే. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు రెండున్నర రూపాయల పెట్టుబడితో మొదలుపెట్టారు. మన రాజ్యంలో తయారయ్యే వస్తువులు జనానికి చూపించాలని, వచ్చిన డబ్బుతో రాజ్యం ఆర్థిక పరిస్థితి మీద సర్వే చేయించాలని వాళ్ల ఆలోచన. మొదటిసారి పది రోజులు నడిచింది. జనం పెరిగి తోట చాలక 1946లో ఇప్పుడున్న ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి మారింది. ఈ మాట చెబుతుంటే మన సభ్యుల్లో ఒక పెద్దాయన ఆగి, వాళ్ల నాన్నగారు చిన్నప్పుడు తాతగారి భుజాల మీద కూర్చుని ఇక్కడి నుమాయిష్ చూశారని, ఆ కబురు ఇంట్లో ఎన్నిసార్లు విన్నా విసుగు పుట్టేది కాదని చెప్పారు. చెబుతూ చెబుతూ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కాసేపు ఎవరం నడక ముందుకు సాగించలేదు.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. 1963లో బహదూర్‌పురాలో నెహ్రూ జూ పార్కు తెరవకముందు జంతువులు ఇక్కడే ఉండేవి. ఇక్కడి ఆరుబయలు రంగస్థలం లలిత కళాతోరణంలో నంది అవార్డుల సభలు చూసినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. బాలభవన్‌లో డాన్సు, బొమ్మలు నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు వాళ్ల పిల్లల్ని తీసుకొస్తున్నారు. 2019లో తెలంగాణ అవతరణ వేడుకలు పరేడ్ గ్రౌండ్స్ నుంచి ఇక్కడికి మారాయి. 2022లో సెప్టెంబర్ 17 జాతీయ సమైక్యతా దినం జెండా కూడా ఇక్కడే ఎగిరింది.

ఇంత జరిగిన చోట "మా నడకకు అడ్డం, అందుకని ఏమీ వద్దు" అనడం సరికాదని నాకు గట్టిగా అనిపించింది. జనవరి సమావేశంలో అదే చెప్పాను. వాదన బాగానే నడిచింది, కొందరు ఇప్పటికీ ఒప్పుకోవట్లేదు, అది వాళ్ల హక్కు. కానీ ఎక్కువమంది ఒక మాట మీదకు వచ్చాం. కార్యక్రమాలు జరగనిద్దాం, తోటను మాత్రం తీసుకున్నట్టే తిరిగి అప్పగించాలి. గుంజలు పచ్చికలో కాకుండా గట్టి నేల మీదే పాతాలి, చెట్టుకి మేకు కొట్టకూడదు, వైరు చుట్టకూడదు, గుంతలు అదే రాత్రి పూడ్చాలి, పొద్దున ఐదున్నరకల్లా నడక దారి ఖాళీగా ఉండాలి. పర్మిషన్ ఇచ్చేటప్పుడే డిపాజిట్ కట్టించుకుని, మర్నాడు చూసి అన్నీ సరిగ్గా ఉంటేనే వాపసు ఇమ్మని గార్డెన్ అధికారులకు అర్జీ రాశాం. సంతకాలు పెట్టి ఇచ్చి వచ్చాం, జవాబు ఇంకా రాలేదు. మళ్లీ వెళ్తాం.

ఆ వైరు మేమే ఇద్దరం ముగ్గురం కలిసి కత్తెరతో జాగ్రత్తగా కోసి తీశాం. బెరడు మీద గీత ఇంకా కనబడుతోంది, కానీ ఎండాకాలంలో పైన కొత్త చిగురు బాగానే వేసింది. కాలు మడతపడిన అమ్మగారు కూడా కోలుకుని రోజూ వస్తున్నారు, ఇప్పుడు చేతిలో చిన్న టార్చి కూడా పట్టుకొస్తున్నారు.

జమాఖర్చుల కాగితం విడిగా పంచుతాం. అనుమానం ఉంటే కోశాధికారిగారిని నేరుగా అడగండి, మొహమాటం వద్దు. చరిత్ర నడక ఈ ఏడాదీ ఉంటుంది. మీ ఇళ్లలో గార్డెన్‌లో దిగిన పాత ఫొటోలు, బాలభవన్ సర్టిఫికెట్లు, అవార్డు సభల ఆహ్వానాలు ఏవైనా ఉంటే తీసుకురండి, ఫోన్‌లో ఫొటో తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం. వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకి మ్యూజియం వైపు బెంచీల దగ్గర కలుద్దాం.

ఇట్లు,
మీ కార్యదర్శి