మజిల్‌లోడర్‌లో మందు ఎంత, గుండు ఏది?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో, గొట్టం మూతిలోంచే తుపాకీమందు, గుండు దట్టించే మజిల్‌లోడర్ తుపాకులతో జింకలను వేటాడుతున్న తెలుగువారి గురించి ఇటీవల మీ ప్రవాసాంధ్రుల పుటలో వచ్చిన వ్యాసం చదివాను. పెన్సిల్వేనియాలో చాలాకాలంగా ఈ వేట చేస్తున్నవాడిగా అందులోని రెండు మాటలను సరిదిద్దవలసి ఉందనిపించి ఈ లేఖ రాస్తున్నాను. కొత్తరకం మజిల్‌లోడర్‌లో 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) మందు దట్టిస్తే ఏ గుండు వేసినా 250 గజాల దూరంలోని జింక పడిపోతుందన్నది మొదటిది. ఏ మందునైనా త్రాసులో తూచి పోసుకోవాలన్నది రెండోది. మొదటి మాట నమ్మితే జింక గాయపడి అడవిలోకి పారిపోతుంది, రెండో మాట నమ్మితే తుపాకీ పట్టుకున్న మనిషికే ముప్పు రావచ్చు.

విషయంలోకి వెళ్లే ముందు చట్టం సంగతి చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో జింక వేట నేరం. కాబట్టి నేను కింద రాసేదంతా అమెరికాలో లైసెన్సు తీసుకుని, నిర్ణీత రోజుల్లో జరిగే వేటకే వర్తిస్తుంది. అక్కడ కూడా హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. మీ వ్యాసంలో ఈ ముక్క లేకపోవడం లోపమే.

గుండు, మందు ఎంచుకోవడంలో సగం పని రాష్ట్ర నిబంధనలే చేసేస్తాయి. పెన్సిల్వేనియాలో అక్టోబరులో వచ్చే మజిల్‌లోడర్ సీజనులో మందుకు సరిగ్గా వెనుక నుంచే నిప్పు తగిలే కొత్తరకం ఇన్‌లైన్ తుపాకులు, ప్లాస్టిక్ తొడుగులో కూర్చిన తూటాలు వాడుకోవచ్చు. క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరిలోకి సాగే సీజనులో మాత్రం చెకుముకి రాయి రాపిడితో నిప్పు పుట్టించే ఫ్లింట్‌లాక్ తప్ప వేరే మజిల్‌లోడర్ పనికిరాదు. ఈ ఫ్లింట్‌లాక్ సీజను ఇక్కడ 1974లో మొదలైంది. కొలరాడోలో మజిల్‌లోడర్ సీజనుకు ప్లాస్టిక్ తొడుగులు, బిళ్లలుగా చేసిన మందు, టెలిస్కోపు అన్నీ నిషేధం, పొడిమందే పోసుకోవాలి. ఒక రాష్ట్రంలో ఉన్న బంధువు తాను వాడే కొలత చెప్పాడని పక్క రాష్ట్రంలో అదే వాడటం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

చట్టం తరువాత చూడవలసింది తుపాకీ గొట్టాన్ని. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లు గుండును గిరగిరా తిప్పుతాయి. ఆ తిరుగుడు వల్లే గుండు బొంగరంలా నిలకడగా ముందుకు సాగుతుంది. గాడి ఒక పూర్తి చుట్టు తిరగడానికి ఎన్ని అంగుళాల గొట్టం పడుతుందన్నదే గుండు ఎంపికకు అసలు ఆధారం. 60 నుంచి 66 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే పాతకాలపు గొట్టాలకు గుడ్డముక్క చుట్టిన గుండ్రని సీసపు గుండు సరిపోతుంది. 28 అంగుళాలకే ఒక చుట్టు తిరిగే కొత్త ఇన్‌లైన్ గొట్టాలు పొడవాటి తూటాల కోసం చేసినవి. 48 అంగుళాల మెలిక ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. దానిలో గుండ్రని గుండూ వెళుతుంది, పొట్టి శంఖాకారపు తూటా కూడా ఫరవాలేదనిపిస్తుంది. ఈ లెక్క చూసుకోకుండా 66 అంగుళాల మెలిక ఉన్న గొట్టంలో పొడుగాటి తూటా దట్టించినవాడు ఎంత మందు పోసినా, ఎన్నిసార్లు గురిచూసినా, ఆ తూటా కాగితం లక్ష్యానికి అడ్డంగా తగులుతూనే ఉంటుంది. అలాంటప్పుడు తుపాకీనో, గురిచూసే టెలిస్కోపునో నిందించే వేటగాళ్లు నాకు తెలుసు. వారిలో ఎక్కువమంది తమ గొట్టం మెలిక ఎంతో అంతవరకు కనుక్కోనివారే.

మజిల్‌లోడర్లలో ఎక్కువగా కనిపించేది 50 కాలిబర్. అంటే గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం. దానికి 0.490 అంగుళాల సీసపు గుండు వాడతారు. బరువు సుమారు 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు. చూడటానికి ఇది తేలికగానే కనిపించినా, మెత్తని స్వచ్ఛమైన సీసం కావడంతో శరీరంలో వెడల్పుగా పరుచుకుని, తెల్లతోక జింక ఊపిరితిత్తుల గుండా దూసుకుపోయి దాన్ని త్వరగానే పడగొడుతుంది. దీని లోపం దూరంలో ఉంది. గుండ్రని ఆకారం గాలిని చీల్చుకుపోలేక, వంద గజాలు చేరేసరికి గుండు తన వేగంలో మూడో వంతుకు పైగా పోగొట్టుకుంటుంది. అందువల్ల మందు పెంచినకొద్దీ వంద గజాల దగ్గర మిగిలే లాభం అంతకంతకూ తగ్గిపోతుంది. గుండ్రని గుండుతో వేటాడేవారు డెబ్భై, ఎనభై గజాలు దాటి కాల్చకపోవడం మంచిదని నా అభిప్రాయం. పెన్సిల్వేనియా కొండ అడవుల్లో అంతకంటే దూరం కనిపించడమే అరుదు, ఆ మాటకొస్తే. శంఖాకారపు సీసం తూటాలు 350, 400 గ్రెయిన్ల బరువుండి లోతుగా దిగుతాయి గానీ తుపాకీ భుజాన్ని గట్టిగానే తంతుంది.

మీ వ్యాసం అసలు పొరపాటు ప్లాస్టిక్ తొడుగు తూటాల దగ్గర జరిగింది. 50 కాలిబర్ గొట్టానికి 45 కాలిబర్ పిస్టల్ తూటాను ప్లాస్టిక్ తొడుగులో కూర్చి వాడటం సాధారణమే. అయితే పిస్టల్ తూటా పిస్టల్ వేగంలో విచ్చుకునేలా తయారైంది. 250 గ్రెయిన్ల తూటా వెనుక 100 గ్రెయిన్ల మందు పోస్తే అది సెకనుకు దాదాపు 1,650 అడుగుల వేగంతో వెళుతుంది. దానికే 150 గ్రెయిన్లు పోస్తే వేగం 2,000 అడుగులకు దగ్గరవుతుంది. మందు సగం పెరిగినా వేగంలో వచ్చిన పెరుగుదల ఐదో వంతు మాత్రమేనని గమనించాలి. ఆ వేగంతో ముప్పై గజాల దూరంలో జింక భుజం ఎముకను తాకిన మెత్తని పిస్టల్ తూటా లోపలికి దిగకముందే చిట్లిపోవచ్చు. మరోవైపు రెండు వందల గజాలు దాటాక వేగం పడిపోయి, గట్టి పూత ఉన్న తూటా అసలు విచ్చుకోకుండానే సన్నని రంధ్రం చేసుకుని అవతలికి వెళ్లిపోవచ్చు. రెండు సందర్భాల్లోనూ జింక పరుగెత్తుతుంది. కాబట్టి తాను కాల్చబోయే దూరాల్లో తూటా ఏ వేగంతో ఉంటుందో, ఆ వేగంలో విచ్చుకోవడానికే ఆ తూటా తయారైందో లేదో చూసుకుని, దానికి తగినట్టు మందు నిర్ణయించుకోవాలి.

సీసం బదులు రాగి తూటాలు వాడవలసినచోట ఇంకో చిక్కు ఉంది. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసపు తూటాలు నిషేధం. రాగి సీసం కంటే తేలిక లోహం కనుక అదే బరువుకు తూటా పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగితే వేగంగా తిరిగే గొట్టం కావాలి. 28 అంగుళాల మెలికతో ఇబ్బంది ఉండదు గానీ పాత గొట్టాలున్నవారికి ఇది పెద్ద అడ్డంకి.

ఇక మందు. అసలైన నల్లని తుపాకీమందును ఎఫ్ అక్షరాల సంఖ్యతో గుర్తిస్తారు. అక్షరాలు ఎక్కువైనకొద్దీ రేణువు సన్నగా ఉంటుంది. 50 కాలిబర్‌కు రెండు ఎఫ్‌ల మందు మామూలు. చిన్న కాలిబర్లకు మూడు, ఫ్లింట్‌లాక్ తుపాకీ పక్కన ఉండే చిన్న పళ్లెంలో నిప్పు అందుకోవడానికి నాలుగు. ఫ్లింట్‌లాక్ వాడేవారు అసలైన మందే సంపాదించుకోవాలి, ఎందుకంటే పైరోడెక్స్ వంటి ప్రత్యామ్నాయాలు రాజుకోవడానికి ఎక్కువ వేడి అవసరం. చెకుముకి రవ్వ వాటికి చాలదు. అసలైన తుపాకీమందు పేలుడు పదార్థంగా లెక్కకు రావడంతో చాలా దుకాణాలు దాన్ని అమ్మవు, ముందుగానే తెప్పించుకోవాలి. ఆధునిక రైఫిళ్ల తూటాల్లో వాడే పొగలేని మందు మాత్రం మామూలు మజిల్‌లోడర్‌లో చిటికెడు కూడా పోయకూడదు. గొట్టం పగిలి చేతులు, కళ్లు పోయిన ఘటనలు ఈ పొరపాటు వల్లే జరిగాయి.

తూకం గురించిన వాక్యాన్ని మీరు తప్పనిసరిగా సవరించాలి. మజిల్‌లోడర్ మందును కొలిచేది పరిమాణంతో, బరువుతో కాదు. దానికి గ్రెయిన్ల గీతలున్న ఇత్తడి కొలపాత్ర దొరుకుతుంది. ఆ గీతలు అసలైన నల్లని తుపాకీమందు బరువును బట్టి పెట్టినవి. ఒకే పాత్ర నిండా పోసినా అన్ని మందులూ ఒకే బరువు తూగవు. ఉదాహరణకు బ్లాక్‌హార్న్ 209 అనే మందు కొలపాత్రలో 100 గ్రెయిన్ల గీత వరకు పోస్తే త్రాసులో దాదాపు 70 గ్రెయిన్లే తూగుతుంది. మీ వ్యాసం చెప్పినట్టు త్రాసులోనే 100 గ్రెయిన్లు తూచి పోసినవాడు నిజానికి పరిమాణంలో 140 గ్రెయిన్లకు పైగా పోసినట్టు. ఆ మందుకు తయారీదారు పెట్టిన గరిష్ఠ పరిమితి పరిమాణంలో 120 గ్రెయిన్లే. త్రాసు వాడితే ఆ మందుకు తయారీదారు ఇచ్చిన బరువు పట్టికనే అనుసరించాలి. ట్రిపుల్ సెవెన్ అనే మందుకు బలం ఎక్కువ. నల్లని తుపాకీమందుకు సమానమైన వేగం కావాలంటే దాన్ని పదిహేను శాతం తగ్గించి పోసుకోవాలని తయారీదారే చెబుతాడు. గ్రెయిన్ అన్నచోట గ్రాము అని అచ్చుపడితే ఏమవుతుందో మరీ చెప్పనక్కరలేదు: 100 గ్రెయిన్లు ఆరున్నర గ్రాములు మాత్రమే. అక్టోబరు సీజనుకు ముందే కొత్తవారు తుపాకులు పరీక్షించుకుంటారు కనుక సవరణ ఆలోగా వెలువడాలని కోరుతున్నాను.

మరి ఎంత పోయాలి? తుపాకీతో వచ్చిన పుస్తకంలోని గరిష్ఠ పరిమితి దాటకుండా, ఎంచుకున్న గుండుకు అందులో చెప్పిన కనిష్ఠ కొలతతో మొదలుపెట్టి, ఐదేసి గ్రెయిన్లు పెంచుకుంటూ ఒక్కొక్క కొలతకు మూడేసి గుండ్లు కాగితం లక్ష్యంపై కాల్చిచూడాలి. మూడు రంధ్రాలూ ఎక్కడ దగ్గరగా పడితే ఆ కొలతే మీ తుపాకీది. గుండ్రని గుండు వేసే 50 కాలిబర్ తుపాకులు చాలావరకు 60, 90 గ్రెయిన్ల మధ్యలోనే ఎక్కడో ఒకచోట ఇలా కుదురుకుంటాయి. ఒక హద్దు దాటాక అదనపు మందు గొట్టంలో కాలే వ్యవధి లేక బయటికి చిమ్ముతుంది. మంచు మీద నిలబడి కాల్చిచూస్తే తుపాకీ ముందు నల్లని రేణువులు పడి కనిపిస్తాయి. ఈ పరీక్షలో ప్రతి గుండుకూ మధ్య తడిగుడ్డతో గొట్టం తుడవకపోతే మసి పేరుకుని తరువాతి గుండు బిగుసుకుపోతుంది, ఫలితాలు కూడా తారుమారవుతాయి.

కొలత ఎంత చక్కగా కుదిరినా దట్టించడంలో తేడా వస్తే అంతా వృథా. గుండు మందు మీద గట్టిగా ఆనుకుని కూర్చోవాలి. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. అందుకే సరిగ్గా దట్టించినప్పుడు, గుండును లోపలికి నెట్టే కడ్డీ ఎంతవరకు దిగుతుందో అక్కడ గీత పెట్టుకుంటారు. ఆ గీత గొట్టం మూతితో సమంగా రాకపోతే కాల్చకూడదు. మందును, అది నిల్వ ఉంచుకునే కొమ్ములోంచి నేరుగా గొట్టంలోకి వంపడం కూడా నిషిద్ధమే, లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే కొమ్ము మొత్తం చేతిలోనే పేలుతుంది.

మజిల్‌లోడర్‌లో రెండో గుండు వేయడానికి అలవాటున్నవారికి కూడా అర నిమిషం దాకా పడుతుంది, చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు ఇంకా ఎక్కువ. అందువల్ల వేటకు బయలుదేరేటప్పుడే, కాగితం మీద నిలకడ చూపిన కొలత ప్రకారం మందును చిన్నచిన్న మూతగొట్టాల్లో విడివిడిగా పోసి, ఒక్కొక్కదాని పక్కన ఒక గుండు పెట్టి జేబులో వేసుకుంటారు. జింక తూలుతూ నిలబడ్డ క్షణంలో కొలపాత్ర, కొమ్ము వెతుక్కునే పని ఉండదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెన్సిల్వేనియా, అమెరికా