శనివారం మ్యాచ్‌లు ఎందుకు ఆపానంటే

మన గేమింగ్ సెంటర్‌లో శనివారం సాయంత్రాలు ఆడే వార్‌క్రాఫ్ట్ త్రీ (కంప్యూటర్ గేమ్) మ్యాప్ మీద ఈ మధ్య గొడవలు ఎక్కువయ్యాయి. మంట స్పెల్ ఒక్కోసారి మామూలుకంటే వేగంగా చంపేస్తోంది. ఒకరి బ్యాగులోని కత్తి చెప్పాపెట్టకుండా మాయమవుతోంది. మంటల హీరోని తీసుకునే తమ్ముడు హ్యాక్ చేస్తున్నాడని కొందరు కౌంటర్ దాకా వచ్చి మరీ చెప్పారు. అతను చేసిందేమీ లేదు. పాపం, ఆ మాటలకి రావడమే తగ్గించేశాడు కాబట్టి ముందు ఇది చెప్తున్నా.

తేడా మ్యాప్ స్క్రిప్ట్‌లో, అంటే మ్యాప్‌ని నడిపే కోడ్‌లో ఉంది. ఒక్కో మంటకి ఒక్కో స్ట్రక్ట్, అంటే వివరాలన్నీ ఒకచోట పెట్టే కట్ట, రాసుకున్నాం: ఎవరు వేశారు, ఎవరికి అంటుకుంది, ఇంకా ఎన్ని సెకన్లు మిగిలింది. రాసేటప్పుడు విడివిడిగానే కనిపిస్తాయి. కానీ వార్‌క్రాఫ్ట్ సొంత భాష జాస్‌లో స్ట్రక్ట్ అనేదే లేదు. మనం రాసినదాన్ని జాస్‌హెల్పర్ అనే టూల్ మామూలు గ్లోబల్ అర్రేలుగా, అంటే నంబర్లున్న గడుల వరసలుగా మార్చేస్తుంది. వేసినవాళ్లంతా ఒక అర్రేలో, తగిలినవాళ్లంతా ఇంకో అర్రేలో ఉంటారు. అలా చూస్తే 'ఈ మంట' అంటే ఒట్టి నంబర్, అంతే. పాత వెర్షన్లలో అర్రేకి 8192 గడులే ఉండేవి, 2018లో గేమ్‌కి వచ్చిన 1.29 అప్‌డేట్‌తో 32768 అయ్యాయి. గడులకి లెక్క ఉంది కాబట్టి పని అయిపోయిన నంబర్‌ని మళ్లీ వాడతారు. అదీ చివర్లో ఖాళీ అయినదాన్నే ముందు ఇస్తారు.

గుడి దగ్గర చెప్పుల స్టాండ్‌లో మీ చెప్పులు తీసుకుని కూడా టోకెన్ జేబులోనే ఉంచుకున్నారనుకోండి. ఆ నంబర్ గడిలో ఇప్పుడు వేరేవాళ్ల చెప్పులుంటాయి. మన దగ్గర జరిగిందీ అదే. ఒకరు వేసిన మంట 7వ నంబర్. శత్రువు మధ్యలోనే చచ్చాడు, 7 ఖాళీ అయింది, కానీ దాని మిగిలిన సెకన్లు తగ్గించుకుంటూ పోయే టైమర్ ఆగలేదు. వెంటనే ఇంకొకరు మంట వేస్తే వాళ్లకీ 7 వచ్చింది. ఇక రెండు టైమర్లూ ఒకే మంటని నడిపిస్తున్నాయి. ఎనిమిది సెకన్ల మంట నాలుగు సెకన్లలో అయిపోతుంది. మొత్తం డ్యామేజ్ మారదు, అందుకే లెక్కలు వేసినవాళ్లకీ దొరకలేదు. ఒక్కడినే కూర్చుని టెస్ట్ చేస్తే ఎప్పుడూ రాదు, గుంపుగా కొట్టుకునేటప్పుడే వస్తుంది.

తప్పులు వెతికే డీబగ్ మోడ్‌లో ఒకే నంబర్‌ని రెండుసార్లు వదిలితే జాస్‌హెల్పర్ హెచ్చరిస్తుంది. ఇక్కడ అదీ మోగలేదు. పాత టైమర్ 7ని వదిలే సమయానికి 7 మళ్లీ బతికే ఉంది మరి. ఆటని మళ్లీ చూపించే రీప్లే ఫైల్‌లో ఏ క్షణమో తెలిసింది గానీ, రీప్లేలో ఉండేవి ఆటగాళ్ల ఆర్డర్లు మాత్రమే, మ్యాప్ మారిస్తే అది పనికిరాదు. చివరికి టైమర్ కొట్టే ప్రతి టిక్‌కీ మంట నంబర్, వేసినవాళ్ల పేరు స్క్రీన్ మీద పడేలా పెట్టి, కుర్రాళ్లని కూర్చోబెట్టి ఆడించాను. ఒకే సెకనులో '7' రెండుసార్లు పడింది.

కత్తి సంగతి చిన్నది. హీరో బ్యాగులో ఆరు గడులు, సున్నా నుంచి ఐదు దాకా. వాటిని ఒక్కొక్కటిగా చూసే లూప్ ఆరు దాకా వెళ్తోంది. అందరి బ్యాగులూ మన స్క్రిప్ట్ లోపల ఒకే పొడవాటి అర్రేలో వరసగా ఉంటాయి కాబట్టి ఆ 6వ నంబర్ అంటే పక్కవాడి మొదటి గడి.

ఇప్పుడు స్ట్రక్ట్‌ని వదిలే ముందు టైమర్‌ని ఆపుతున్నాం. ప్రతి మంటకీ మళ్లీ రాని సీరియల్ నంబర్ కూడా ఇచ్చాం. టైమర్ దగ్గరున్నది, స్ట్రక్ట్‌లో ఉన్నది కలవకపోతే టైమర్ తప్పుకుంటుంది. మ్యాప్ రాయడానికి వాడే ఇంకో భాష లువాకి మారిపోదామని కొందరన్నారు. అందులో ఈ నంబర్ల గోల లేదు, నిజమే. కానీ అందులో వివరాలు పెట్టుకునే ఒక టేబుల్‌ని ఇద్దరికి ఇస్తే కాపీ కాదు, ఇద్దరూ అదే టేబుల్‌ని పట్టుకుంటారు. అదో టెన్షన్.

ఆగిన లీగ్‌లోని పాత పాయింట్లు లెక్కలోకి తీసుకోను, ఎవరి గెలుపు నిజమో తేల్చలేను. ఫీజు కట్టినవాళ్లు కౌంటర్‌లో వెనక్కి తీసుకోండి, లేదా కొత్త లీగ్‌కి జమ చేస్తాను. వచ్చే శనివారం కొత్త మ్యాప్‌తో ఆడదాం. మంట తేడాగా అనిపిస్తే పక్క సీటువాడితో గొడవ వద్దు. ఆట అవ్వగానే రీప్లే సేవ్ చేసి నాకు చెప్పండి.