కాంతి సంవత్సరం కాలం కాదు, దూరం

సంపాదకులకు నమస్కారం.

విశ్వం ఎంత పెద్దది, అందులో మనిషి చోటు ఎక్కడ అన్న విషయం మీద తెలుగు దినపత్రికల్లో ఈమధ్య తరచుగా వ్యాసాలు, వార్తలు వస్తున్నాయి. ముప్పై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కనుక, అలాంటిది ఏది కనబడినా చదివి, కత్తిరించి దాచుకోవడం నాకు అలవాటు. మొన్న ఆ కత్తిరింపులన్నీ ముందు వేసుకుని కూర్చున్నప్పుడు సంతోషంతో పాటు బాధ కూడా కలిగింది. "25 లక్షల కాంతి సంవత్సరాల క్రితం" అని ఒకచోట, "13.8 కోట్ల ఏళ్ళ కిందట పుట్టిన విశ్వం" అని మరొకచోట, చిత్రకారుడు ఊహించి గీసిన కృష్ణబిలం బొమ్మ కింద "టెలిస్కోపుకు చిక్కిన దృశ్యం" అని ఇంకొకచోట కనిపించాయి. ఇవి ఏ ఒక్క పత్రికకో పరిమితమైన పొరపాట్లు కావు. అచ్చుతప్పులే కదా అని వదిలేయదగినవీ కావు. విశ్వం గురించి రాసేటప్పుడు అంకె తప్పితే విషయమే తప్పిపోతుంది. ఈ మాట ఎందుకంటున్నానో వివరించడానికి కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటున్నాను, మన్నించండి.

మా పాఠశాలలో ఉదయం ప్రార్థన కాగానే ఒక విద్యార్థి ఆనాటి పత్రికలోని ముఖ్యాంశాలు చదివే ఆనవాయితీ ఉండేది. ఒకనాడు తొమ్మిదో తరగతి అమ్మాయి, విశ్వం వయసు 13.8 కోట్ల సంవత్సరాలని గట్టిగా, స్పష్టంగా చదివింది. వింటున్న ఉపాధ్యాయులం ఎవరమూ ఉలిక్కిపడలేదు, నాతో సహా. సున్నాలు మరీ ఎక్కువైతే మన చెవి వాటిని లెక్కపెట్టడం మానేస్తుంది. మధ్యాహ్నం నా పీరియడ్‌లో మరో అమ్మాయి లేచి నిలబడి, "సార్, విహారయాత్రకు హైదరాబాదు వెళ్ళినప్పుడు బిర్లా మ్యూజియంలో రాక్షసబల్లి పదహారు కోట్ల ఏళ్ళ నాటిదని చెప్పారు కదండీ, విశ్వమే పుట్టకముందు అది ఎక్కడుందండీ?" అని అడిగింది.

ఆ రాక్షసబల్లి పేరు కోటాసారస్. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన ఎముకలను కూర్చి నిలబెట్టిన అస్థిపంజరం అది. పత్రికలో వచ్చిన అంకె ప్రకారం చూస్తే మన గోదావరి లోయలో తిరిగిన జంతువు విశ్వం కంటే రెండు కోట్ల ఏళ్ళకు పైగా పెద్దది! అసలు అంకె 13.8 బిలియన్, అంటే 1,380 కోట్లు. బిలియన్ అంటే వంద కోట్లు. దాన్ని ఎవరో తొందరలో కోటి చేశారు, విశ్వం వయసు నూరో వంతుకు పడిపోయింది. ఉదయం నుంచి ఆ అంకెను ఇంతమంది చదివాం, విన్నాం. తన చేతికి అందిన రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకున్నది ఆ ఒక్క పిల్లే. ఆరోజు నేను ఆ అమ్మాయి ప్రశ్నను నల్లబల్లమీద రాయించి, వారం రోజులపాటు చెరపనివ్వలేదు.

ఇక కాంతి సంవత్సరం సంగతి. మాట చివర సంవత్సరం ఉంది కనుక అది కాలాన్ని చెబుతుందని అనుకోవడం సహజమే. కానీ దూరాన్ని ఇలా కొలవడం మన భాషకు కొత్తకాదు. పక్క ఊరు ఎంత దూరమని అడిగితే మా తాతగారు "పూట నడక" అనేవారు. ఇల్లు దగ్గరే అని చెప్పడానికి "కూతవేటు దూరం" అని ఇప్పటికీ అంటున్నాం. గట్టిగా పిలిస్తే గొంతు అందేటంత దూరం కూతవేటు అయినట్టే, ఒక సంవత్సరం ఆగకుండా సాగిన కాంతి చేరుకునేటంత దూరం కాంతి సంవత్సరం. కిలోమీటర్లలో చెప్పాలంటే సుమారు 9.46 లక్షల కోట్లు. "రెండు కూతవేట్ల క్రితం మా ఊళ్ళో వాన పడింది" అని ఎవరైనా రాస్తే ఏ సబ్ ఎడిటరూ ఒప్పుకోరు. "25 లక్షల కాంతి సంవత్సరాల క్రితం" అన్నదీ సరిగ్గా అలాంటి వాక్యమే. ఆండ్రోమెడా గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అక్కడ 25 లక్షల సంవత్సరాల క్రితం బయలుదేరిన వెలుగు ఇప్పుడు మనకు అందుతోంది. రెండు మాటలూ నిజమే. రెంటినీ కలిపి ఒకటి చేసినప్పుడే అర్థం పోతోంది.

ఈ తేడా తెలిసినవారికి ఆకాశం మరొక రకంగా కనిపిస్తుంది. చలికాలం సాయంత్రాల్లో మన పెద్దలు పిల్లలకోడి అని పిలిచే చిన్న చుక్కల గుంపు, అదే కృత్తిక, నడినెత్తికి వస్తుంది. అది మనకు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఈ ఏడు మనం చూసే పిల్లలకోడి వెలుగు అక్కడ బయలుదేరేనాటికి హైదరాబాదులో చార్మినార్ లేదు, దాన్ని 1591లో కట్టారు. ఈ ఒక్క మాట చెప్పాక మా పిల్లలు ఆ చుక్కలకేసి చూసిన చూపు నేను మరచిపోలేను.

దూరాలు మనసుకు పట్టడం కోసం ఏటా మా బడి మైదానంలో ఒక పని చేసేవాళ్ళం. కోటి కిలోమీటర్లను ఒక మీటరుగా తగ్గిస్తే సూర్యుడు పద్నాలుగు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుమ్మడికాయ అవుతాడు. జెండా కర్ర మొదట్లో గుమ్మడికాయ పెట్టి, పదిహేను మీటర్ల అవతల తెల్ల కాగితం పరిచి దానిమీద ఒక ఆవగింజ ఉంచేవాళ్ళం. ఆ ఆవగింజ మన భూమి. దానికి నాలుగు సెంటీమీటర్ల లోపే చంద్రుడు, సన్నటి రవ్వపలుకంత. మనిషి స్వయంగా కాలు మోపిన అత్యంత దూరం ఆ నాలుగు సెంటీమీటర్లే. బృహస్పతి శనగగింజ కంటే కొంచెం పెద్దదిగా 78 మీటర్ల దూరంలో, అంటే మా ప్రహరీగోడ దగ్గర ఉండేది. నెప్ట్యూన్ కోసం 450 మీటర్లు నడిచి బస్టాండు వరకు పోవలసి వచ్చేది.

ఇదే కొలతలో కాంతి వేగం ఎంతో చెప్పండి అన్నప్పుడు పిల్లలు రాకెట్టు అనేవారు, బుల్లెట్టు అనేవారు. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు ఈ కొలతలో సెకనుకు మూడు సెంటీమీటర్లవుతుంది. ఒకబ్బాయి గోడమీద పాకుతున్న చీమ పక్కన స్కేలు పెట్టి లెక్కకట్టి, "చీమ నడకే సార్" అని కేకవేశాడు. గుమ్మడికాయ దగ్గర బయలుదేరిన చీమ ఆవగింజను చేరడానికి ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు పడుతుంది. సూర్యకాంతి మనల్ని చేరడానికి పట్టే సమయం అదే. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా కంఠస్థంగానే మిగిలిన ఆ అంకె, ఒక చీమ వల్ల వాళ్ళ సొంతమైంది.

మరి సూర్యుడి తర్వాత మనకు అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ఎక్కడ? ప్రాక్సిమా సెంటారీ దూరం 4.24 కాంతి సంవత్సరాలు. గుమ్మడికాయ కొలతలో అది నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఉన్న ఒక ఉసిరికాయ. కాశ్మీరు నుంచి కన్యాకుమారి వరకు ఉన్న 3,214 కిలోమీటర్ల మన దేశం పొడవు కూడా దానికి చాలదు. ఈ నడుమ ఉన్నదంతా దాదాపు ఖాళీ. ఇక పాలపుంత మొత్తాన్ని ఈ కొలతకే తగ్గిద్దామంటే దాని వెడల్పు తొమ్మిదిన్నర కోట్ల కిలోమీటర్లవుతుంది, నమూనా పెట్టడానికి భూమే చాలదు. పిల్లలు అక్కడ మాట్లాడటం ఆపేసేవారు. నేనూ ఆపేసేవాడిని.

ఇప్పుడే ఈ లేఖ రాయడానికి ఒక తక్షణ కారణం ఉంది. 1977 సెప్టెంబరు 5న బయలుదేరిన వోయేజర్-1 అంతరిక్ష నౌక, 2026 నవంబరు నడుమ, భూమికి ఒక కాంతి రోజు దూరాన్ని చేరుకోబోతోంది. అంటే 2,590 కోట్ల కిలోమీటర్లు. మన చీమ ఒక పగలూ ఒక రాత్రీ నడిచే దూరం, గుమ్మడికాయ కొలతలో రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు. మనిషి చేసిన వస్తువుల్లో ఇంత దూరం వెళ్ళింది మరొకటి లేదు. సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతూ కూడా ఇంత దూరానికి దానికి 49 ఏళ్ళు పట్టింది. ఇదే వేగంతో ప్రాక్సిమా అంత దూరం పోవాలంటే డెబ్బై వేల ఏళ్ళకు పైగా పడుతుంది. ఆ రోజున అన్ని పత్రికలూ ఈ వార్త వేస్తాయి. "కాంతి వేగాన్ని అందుకున్న వోయేజర్" అని ఎక్కడైనా శీర్షిక పడుతుందేమోనని నాకు నిజంగానే భయంగా ఉంది. ఇదే నౌక 1990 ఫిబ్రవరి 14న 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి తీసిన ఫొటోలో భూమి ఒక్క పిక్సెల్ కంటే చిన్న నీలి చుక్క. ఆ దూరం 60 కోట్లని రాసిన కత్తిరింపు ఒకటి నా దగ్గర ఉంది. 60 కోట్ల కిలోమీటర్లంటే బృహస్పతి దాకా కూడా పోనట్టే. ఒక్క సున్నా పోయేసరికి, సౌర కుటుంబం అంచున నిలబడి వెనక్కి చూసిన చూపు కాస్తా పెరటిగోడ ఎక్కి చూసిన చూపుగా మారిపోయింది.

ఇలాంటి అంకెలు ఎంత కష్టంతో వచ్చాయో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, అంటే టెలిస్కోపులతో ఆకాశాన్ని పరిశీలించే కేంద్రం, తరువాత బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేయాలని 1887లో పారిస్‌లో తలపెట్టిన పనిలో, ప్రపంచంలోని ఇరవై వరకు వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. రాత్రి గాజు పలకల మీద ఫొటోలు తీయడం, పగలు వాటిమీది ఒక్కొక్క చుక్క స్థానాన్ని కంటితో చూసి కొలిచి రాసుకోవడం, ఇలా ఏళ్ళ తరబడి సాగిన శ్రమలో ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు నమోదయ్యాయి. ఆ కొలతలు చేసినవారిలో చాలామంది పేర్లు మనకు తెలియవు. అయినా వారి అంకెలు మరుగున పడలేదు. 2000లో 25 లక్షల నక్షత్రాలతో వెలువడిన టైకో-2 పట్టికలో ఏ నక్షత్రం ఎటు, ఎంత జరుగుతోందో తేల్చడానికి ఆ పాత కొలతలనే ఆధారం చేసుకున్నారు. వారు ఒక్కొక్క చుక్కకు అంత జాగ్రత్త పడ్డారు కనుకనే నూరేళ్ళ తరువాత అది సాధ్యమైంది. మనం ఆ అంకెను అచ్చువేసే వేళ ఒక సున్నా దగ్గర అయిదు నిమిషాలు ఆగలేమా?

"ఇంత విశ్వంలో మనిషెంత?" అన్న వాక్యంతో ఇలాంటి వ్యాసాలు ముగించడం ఒక అలవాటైపోయింది. ఆ వాక్యం అబద్ధమని నేను అనను. కానీ విశ్వం వయసు నూరో వంతుకు తగ్గినా, వంద రెట్లు పెరిగినా ఆ వాక్యం చెక్కుచెదరకుండా అలాగే నిలబడుతుంది. అంకెతో పని లేకుండా నిలబడే ఆ వైరాగ్యం మనకు విశ్వం గురించి చెప్పేది ఏమీ లేదు. మనిషి చోటు ఎక్కడో లెక్కగా చెప్పవచ్చు. పాలపుంత నడిబొడ్డుకు సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో మన సూర్యుడు ఉన్నాడు. మనందరినీ వెంటబెట్టుకుని ఆయన ఒక చుట్టు తిరగడానికి 23 కోట్ల ఏళ్ళ వరకు పడుతుంది. కిందటి చుట్టులో ఆయన ఇక్కడ ఉన్నప్పుడు భూమి మీద రాక్షసబల్లులు అప్పుడప్పుడే తలెత్తుతున్నాయి. మన జాతి పుట్టి సుమారు మూడు లక్షల ఏళ్ళే అయింది, అంటే సూర్యుడు ఒక్క చుట్టులో ఏడు వందల యాభైవ వంతు తిరిగే లోపలే మన చరిత్ర అంతా జరిగింది. ఇది చదివిన పిల్లవాడికి తాను ఎంత చిన్నవాడో తెలుస్తుంది, ఎక్కడ ఉన్నాడో కూడా తెలుస్తుంది. రెండోది తెలియకుండా మొదటిది మాత్రమే చెప్పడం నాకు న్యాయంగా తోచదు.

కనుక మీ పత్రికను కొన్ని కోరుతున్నాను. ఏజెన్సీ వార్తలోని మిలియన్, బిలియన్‌లను లక్షల్లోకి, కోట్లలోకి మార్చిన ప్రతిసారీ రెండో వ్యక్తి ఒకరు సరిచూడాలి. ఊహాచిత్రం కింద ఊహాచిత్రమని రాయాలి. 2019 ఏప్రిల్ 10న విడుదలైన, ఎం-87 అనే గెలాక్సీలోని కృష్ణబిలం చిత్రం రేడియో టెలిస్కోపులతో నిజంగా సాధించినది, అంతకుముందు మనం చూసినవన్నీ గీసిన బొమ్మలు. ఆ రెంటినీ పాఠకుడు ఒకే కంటితో చూడవలసి రాకూడదు. పొరపాటు జరిగినప్పుడు, రాజకీయ వార్తకు వేసినట్టే విజ్ఞాన వార్తకు కూడా సవరణ వేయండి. పల్లెల్లో ఇప్పటికీ చాలామంది పిల్లలకు పాఠ్యపుస్తకం తరువాత చేతికందే సైన్సు పుస్తకం దినపత్రికే.

మా తరగతి గది తలుపుకు లోపలివైపు నేను అతికించి ఉంచిన పట్టిక ఒకటి ఉంది. మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు, కాంతి రోజు 2,590 కోట్ల కిలోమీటర్లు, కాంతి సంవత్సరం 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు, భూమి వయసు 454 కోట్ల ఏళ్ళు, విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళు. దాన్ని మళ్ళీ శుభ్రంగా ఒక్క కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఈ లేఖతో జతచేస్తున్నాను. నవంబరు లోపల మీ డెస్కు గోడకు అతికించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
మార్కాపురం