పటచిత్రంలో సూచికను వదిలేయకండి

సంపాదకుడు గారికి,
నమస్కారం.

ప్రాథమిక తరగతుల లెక్కల్లో వచ్చే పటచిత్రాల (సంఖ్యలను బొమ్మలతో చూపే పటాల) పాఠం గురించి రాస్తున్నాను. చిత్తూరు జిల్లా బడుల్లో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. సాయంత్రాలు మా వీధి పిల్లలు హోంవర్కు పట్టుకుని మా ఇంటికొస్తుంటారు. వాళ్ల పుస్తకాలు తిరగేస్తే ఈ పాఠం అయిపోయి ఉంటుంది, కింద టిక్కులు కూడా పడి ఉంటాయి. పిల్లలకు మాత్రం పటచిత్రం చదవడం రాదు. అదే నా బాధ.

మొన్న నాలుగో తరగతి పాప ఒక వర్క్‌షీటు తెచ్చింది. నాలుగు అంగళ్లు, ఒక్కో అంగట్లో అమ్ముడైన మామిడికాయల బుట్టలు. ఒక మామిడి బొమ్మ అంటే 10 బుట్టలని కింద సూచిక ఉంది. రెండో అంగడి వరుసలో నాలుగు నిండు బొమ్మలు, చివర ఒక అర బొమ్మ. జవాబు 45 రావాలి. పాప 5 అని రాసింది. సూచిక చదవమంటే తడబడకుండా చదివింది. ‘‘మరి దాన్ని లెక్కలోకి తీసుకోలేదేమ్మా?’’ అని అడిగితే, ‘‘బొమ్మలు మాత్రం ఎంచమన్నారు సార్’’ అంది. అర బొమ్మను ఒకటిగా ఎందుకు ఎంచిందో ఆ కాగితం చూస్తేనే అర్థమైంది. జిరాక్సు మీద జిరాక్సు తీసిన కాగితమది. ఆ కాయ సగమే గీశారా, మిగతా సగం అచ్చు పడలేదా అన్నది నాకే తెలియలేదు. ఆ పాపను తప్పుపట్టడానికి ఏముంది?

చిన్న తరగతుల్లో ఒక బొమ్మకు ఒక వస్తువు. అక్కడ ఎంచితే చాలు. సంఖ్యలు పెరిగేకొద్దీ ఒక బొమ్మ ఐదుకో, పదికో, వందకో గుర్తవుతుంది. అప్పటిదాకా ఎంచుతూ వచ్చిన పిల్లలు అక్కడ గుణించాలి, అర బొమ్మ వస్తే సగం చేయాలి. నిలబడి, నిదానంగా చెప్పాల్సిన చోటు అదే. దాన్ని ఒక్క పీరియడ్‌లో దాటేస్తే, తర్వాత బార్ గ్రాఫులో స్కేలు దగ్గర పిల్లలు మళ్లీ అక్కడే ఆగిపోతారు.

ఈ పాఠానికి కావలసిన లెక్కలు బడిలోనే దొరుకుతాయి. మధ్యాహ్న భోజనంలో ఆ రోజు గుడ్డు ఎంతమంది తిన్నారో తరగతివారీగా పిల్లల్నే కనుక్కోమనండి. గణన చిహ్నాలు (ఒక్కొక్కరికీ ఒక్కో గీత) వాళ్లే వేసుకుంటారు. మూడో తరగతిలో 12, నాలుగులో 18, ఐదులో 30 వచ్చాయనుకుందాం. ఇప్పుడు ఒక గుడ్డు బొమ్మకు ఎంతమంది? పది అంటే ఐదో తరగతికి మూడు బొమ్మలు సరిపోతాయి, 12, 18 దగ్గర చిక్కు వస్తుంది. నాలుగు అంటే మూడు, నాలుగున్నర, ఏడున్నర. ఆరు అంటే రెండు, మూడు, ఐదు, ఎక్కడా ముక్క మిగలదు. సూచిక ఎంత పెట్టాలని పిల్లలు వాదులాడుకోవడంలోనే సగం పాఠం అయిపోతుంది. ఆలస్యంగా ఇంకొకడు వచ్చి 31 అయితే, ‘‘ఇంగ ఆ ఒక్కడికి ఎంత ముక్క గీసేది సార్?’’ అని అడిగే పిల్లలు ఉంటారు. చూడగానే పోల్చుకోవడానికి పటచిత్రం, కచ్చితమైన సంఖ్యకు పట్టిక అని అప్పుడు చెబితే ఇట్టే ఎక్కుతుంది. సూచికను తన చేతుల్తో పెట్టిన పిల్లవాడు ఇంకొకరు గీసిన పటంలో దాన్ని వదిలేయడు.

ప్రశ్నలూ మారాలి. ఎక్కువ ఏది, తక్కువ ఏది అని అడిగితే సూచిక చూడకపోయినా జవాబు వచ్చేస్తుంది. ఎంత ఎక్కువ, అన్నీ కలిపి ఎన్ని అని అడిగితే చూడక తప్పదు. పటం జవాబు చెప్పలేని ప్రశ్న కూడా ఒకటి ఉండాలి. మూడో అంగట్లో బేరం ఎందుకు తగ్గిందని అడిగితే, ‘ఈ బొమ్మల్లో అది లేదు’ అని పిల్లలు చెప్పగలగాలి.

ఇక గీసే తీరు. అరటి గెల పెద్దగా, నిమ్మకాయ చిన్నగా గీస్తే మూడు గెలల వరుస ఐదు నిమ్మకాయల వరుసకన్నా పొడుగ్గా కనబడుతుంది. చూసిన కన్ను అరటే ఎక్కువ అంటుంది. కొన్ని పత్రికల జిల్లా పేజీల్లోనూ ఇలాంటిది చూస్తున్నాను. తోతాపురి మామిడి ధర ఒక ఏడు కిలో 6 రూపాయలు, ఇంకో ఏడు 12 అనుకుందాం. రెండో కాయను ఎత్తులోనూ వెడల్పులోనూ రెట్టింపు గీస్తే కాగితం మీద అది నాలుగింతల చోటు తీసుకుంటుంది. ధర పెరిగింది రెండింతలే. సంఖ్య పెరిగితే అదే సైజు బొమ్మను మళ్లీ వేయాలి, బొమ్మను పెంచకూడదు అని వియన్నాలో ఒట్టో న్యూరాత్ అనే సామాజిక శాస్త్రవేత్త 1920లలోనే నియమం పెట్టుకున్నాడు. సామాన్య జనానికి గణాంకాలు తెలియాలని ఆయన 1925లో అక్కడ ఒక మ్యూజియమే పెట్టాడు.

2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ ప్రకారం 2026-27 నాటికి మూడో తరగతి పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు వచ్చి తీరాలి. ఆ లెక్కల్లో దత్తాంశ నిర్వహణ, అంటే వివరాలు సేకరించి పట్టికల్లో, పటాల్లో చూపడం కూడా ఉంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల విద్యాశాఖ అధికారులు స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) సమావేశాల్లో ఒక పూట ఈ పాఠానికి కేటాయించాలని కోరుతున్నాను. పరీక్ష పేపర్లలో అర బొమ్మ అర బొమ్మగానే కనబడేలా అచ్చు వేయించాలి. అది కుదరకపోతే ఆ ప్రశ్నకు పిల్లల మార్కులు కోయవద్దు.

మీకూ ఒక మనవి. మామిడి సీజన్‌లో మీ జిల్లా పేజీలో బొమ్మలతో లెక్కలు వేసినప్పుడు అన్నీ ఒకే సైజులో గీయించి, కింద సూచిక వేయించండి. ఆ ముక్క కత్తిరించి తరగతి గోడకు అంటించి పాఠం చెప్పుకునే టీచర్లు ఈ జిల్లాలో ఉన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చిత్తూరు